మైలవరం మట్టు

మాది మైలవరం అని హైదరాబాద్‌లో చెబితే చాలామంది "అక్కడ డ్యామ్ ఉంది కదా" అంటారు. ఆ డ్యామ్ కడప వైపు, పెన్న మీద, జమ్మలమడుగు దగ్గర ఉన్న మైలవరానిది. మాది అది కాదు. మరేది అంటే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. "విజయవాడ నుంచి తిరువూరు వెళ్ళే దారిలో, కొండపల్లి దాటాక, నూజివీడుకి ఇవతల" అనాలి. అంటే మా ఊరి గుర్తులన్నీ పక్క ఊళ్ళ పేర్లే. కొండపల్లి అంటే బొమ్మ. నూజివీడు అంటే రసం. బందరు అంటే లడ్డు. ఆత్రేయపురం అంటే పూతరేకు. ఒక వస్తువు ఊరు దాటి పోతూ ఊరి పేరుని కూడా మోసుకుపోతే, ఆ ఊరు మ్యాపులో లేకపోయినా జనం నోట్లో ఉంటుంది. మైలవరం పేరుని అలా మోసుకెళ్ళినది ఏదన్నా ఉందా అనేదే నా ప్రశ్న.

ఉంది. ఒకే ఒక్కటి. దాన్ని మట్టు అంటారు. మట్టు అంటే వరస, బాణీ, ఇప్పటి మాటలో ట్యూన్. వందేళ్ళ కిందట తెలుగు నాటకాలు చూసినవాళ్ళు, పాడినవాళ్ళు "మైలవరం మట్లు" అని ప్రత్యేకంగా చెప్పుకునేవారు. దాని గురించి చదివాకే ఊళ్ళో తెల్లవారుజామున నడవడం మొదలుపెట్టాను. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా ఐదు కాకముందే బయల్దేరి, ఎండ ఎక్కేలోపు తిరిగి వస్తాను. రోజుకో రోడ్డు. ఈ వ్యాసం ఆ నడకల్లో పోగైన చరిత్ర.

ముందు నడక గురించి ఒక మాట. నగరంలో ఊరికే నడవడం మీద పెద్ద సాహిత్యమే ఉంది. పారిస్ గురించి రాసిన వాల్టర్ బెన్యమిన్, 1840 ప్రాంతంలో అక్కడి షికారు రాయుళ్ళు కొందరు తాబేళ్ళని వెంటపెట్టుకుని, వాటి వేగంతో నడిచేవాళ్ళని చెప్తాడు. గుంపులో ఎవరికీ తెలియని మనిషిగా ఉండటం ఆ నడకలోని సుఖం. మైలవరంలో ఆ సుఖం దొరకదు. చేతిలో పాలచెంబు లేదు, పక్కన కుక్క లేదు, కాళ్ళకి వాకింగ్ బూట్లు కూడా లేవు, మెల్లగా గోడలు చూసుకుంటూ నడుస్తున్నావంటే నీ మీద ఒక విచారణ మొదలవుతుంది.

"ఎవరమ్మాయివమ్మా నువ్వు?"

చెప్తాను.

"అంటే ఫలానా వాళ్ళ మనవరాలివా? మరి ఇటెక్కడికి, మీ ఇల్లు అటు కదా?"

"ఊరికే నడుస్తున్నా తాతగారూ."

"ఊరికేనా? ఒంట్లో బానే ఉందా?"

మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత అర్థమైంది, ఇది కూడా ఒక రకం ఆర్కైవు. ఆయన నన్ను ఏ ఇంట్లో, ఏ వీధిలో, ఏ బంధుత్వంలో పెట్టాలో వెతుక్కుంటున్నాడు. ఆ వెతుకులాటలో ఊరి పటం బయటపడుతుంది. ఏ వీధి ఎవరిది, ఏ పేట ఎప్పుడు వచ్చింది, ఎవరి పిల్ల ఎవరి వీధిలో కనపడితే ఆశ్చర్యపోవాలి, ఎవరి పిల్ల కనపడితే ఆశ్చర్యం లేదు. మన ఊళ్ళన్నిట్లో ఉన్నట్టే ఇక్కడా ఊరు, వాడ అనే గీత ఉంది. పగలు ఆటోలూ బళ్ళూ దాన్ని కప్పేస్తాయి. తెల్లవారుజామున చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉన్నది ఎవరో, గేటు లోపల కళ్ళాపి చల్లుతున్నది ఎవరో చూస్తే గీత ఎక్కడుందో తెలిసిపోతుంది.

మన ఊళ్ళ చరిత్ర మొదట పోగైంది కూడా ఇలా అడగడంలోనే. 18వ శతాబ్దం చివర్లో కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, 1803లో ఆయన పోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ళ కింద పనిచేసిన మరికొందరు ఊరూరా తిరిగి, కరణాల్ని, ముసలివాళ్ళని అడిగి కైఫీయతులు రాయించారు. ఈ ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరిది వంటి ప్రశ్నలు. తెలుగు ఊళ్ళ గురించి మనకున్న తొలి చరిత్రల్లో చాలా భాగం ఆ తిరుగుడు ఫలితం. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకి రాసుకున్న యాత్రాచరిత్ర మనకి అపురూపం. ఆయన పల్లకీలో వెళ్ళాడు. ఆ దారి పొడవునా నడిచిన కాళ్ళు బోయీలవి. కూర్చున్నవాళ్ళు రాస్తారు, నడిచినవాళ్ళ గురించి ఎవరో ఒకరు రాస్తే తప్ప తెలియదు. మైలవరం చరిత్ర చదువుతున్నప్పుడు ఈ తేడా ఎప్పుడూ కళ్ళముందు ఉంటుంది.

కాగితం మీద మైలవరం చరిత్ర అంటే ముఖ్యంగా జమీందారీ చరిత్ర. ఉత్తర సర్కారుల్లో కొండపల్లి ఒక సర్కారు. 1766లో నిజాం అలీతో ఒప్పందం తర్వాత ఆ సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. 1802లో శాశ్వత పైసలా వచ్చింది. జమీందారు ఏటా కంపెనీకి కట్టే పేష్కష్ స్థిరపడింది, రైతు జమీందారుకి కట్టే శిస్తు మాత్రం స్థిరపడలేదు. మైలవరం జమీందారులు సూరానేని వారు. 1883లో గోర్డన్ మెకంజీ అనే అధికారి కృష్ణా జిల్లా మాన్యువల్ అచ్చు వేశాడు. అలాంటి పుస్తకాల్లో జమీందారీ ఊళ్ళు కనపడేది వంశావళుల్లో, పేష్కష్ లెక్కల్లో. ఊళ్ళో పొద్దున్నే లేచి ఎవరు ఏ పని చేసేవారో, ఏం పాడుకునేవారో వాటిల్లో ఉండదు. ఉండాలని ఆశించడం కూడా తప్పే, అవి అందుకు రాసినవి కావు.

ఆ లెక్కల పుస్తకాలకి దొరకనిది 1910ల్లో జరిగింది. రాజా సూరానేని వెంకట పాపయ్యారావు బహద్దూరు బాలభారతీ నాటక సమాజం పెట్టారు. జనం నోట్లో అది మైలవరం కంపెనీ. ఆ కాలానికి తెలుగు నాటకం ఇంకా చిన్నపిల్లే. 1880ల్లో ధార్వాడ నాటక కంపెనీ ఆంధ్రదేశం తిరిగి వెళ్ళాక, రాజమండ్రిలో, బళ్ళారిలో, గుంటూరులో చదువుకున్నవాళ్ళు, ప్లీడర్లు, మాస్టార్లు సరదాకి, సంస్కరణకి నాటకాలు మొదలుపెట్టారు. పగలు కోర్టు, రాత్రి కిరీటం. మైలవరం కంపెనీ వేరు. అది నటుల్ని జీతాలిచ్చి పోషించింది. నాటకం అక్కడ తీరుబడి పని కాదు, ఉద్యోగం. తర్వాతి కాలంలో పెద్ద నటుడిగా పేరుపడ్డ యడవల్లి సూర్యనారాయణ, స్త్రీ పాత్రలకి పేరుపడ్డ ఉప్పులూరి సంజీవరావు ఈ కంపెనీలో పనిచేసినవాళ్ళు. సంగీతం పాపట్ల కాంతయ్యది. మైలవరం మట్టు అన్న మాట పుట్టింది ఆయన కట్టిన వరసల నుంచే.

ఈ మట్టు ఏమిటో కొంచెం వివరించాలి, ఎందుకంటే మన తరానికి పద్యనాటకం అంటే యూట్యూబ్‌లో ఒక కిరీటం, ఒక ఆలాపన, అంతే. ఆ రోజుల్లో నాటకానికి రచయిత మాటలు, పద్యాలు, పాటలు రాస్తాడు. పాట ఏ వరసలో పాడాలో వేరే ఒకరు కట్టాలి. పార్సీ కంపెనీల హిందుస్తానీ ధోరణులు, మరాఠీ రంగస్థలం పాటలు, మన కర్ణాటక రాగాలు, అన్నీ కలిసి హార్మోనియం మెట్ల మీద ఒక కొత్త రూపానికి వచ్చాయి. నాటకం ఒక ఊళ్ళో ఆడి వెళ్ళిపోతుంది. తెర, దుస్తులు, దీపాలు అన్నీ బళ్ళకెక్కుతాయి. వరస మాత్రం ఆ ఊళ్ళోనే మిగిలిపోతుంది, ఒక్కసారి చెవిన పడితే చాలు. దాన్ని పట్టుకుని వేరే నాటకంలో వేరే పాట పాడొచ్చు, భజనలో పాడొచ్చు, నాట్లు వేస్తూ పాడొచ్చు. అలా నాటకం నుంచి విడిపోయి తిరగగలిగింది కాబట్టే దానికి ఊరి పేరు అవసరమైంది. ఎక్కడిదిరా ఈ వరస అంటే, మైలవరం మట్టు.

తెల్లవారుజాముకీ దీనికీ సంబంధం ఏమిటంటే, ఆ కాలం నాటకాలు రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లారేదాకా సాగేవి. మైకులు లేవు. నటుడి గొంతు చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి అందాలి. ఒన్స్‌మోర్ అని కేకలేస్తే అదే పద్యం మళ్ళీ పాడాలి, రెండోసారి రాగం ఇంకా పొడుగు. భరతవాక్యం అయ్యేసరికి తూరుపు తెల్లబడేది. అప్పుడు జనం లేచి, చాపలు చుట్టుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్ళకి, పక్క పల్లెలకి నడిచేవాళ్ళు. అటునుంచి అటే పొలానికి వెళ్ళేవాళ్ళూ ఉండేవాళ్ళు. అంటే నేను నడిచే ఈ ఐదు గంటల వేళ ఒకప్పుడు ఖాళీగా ఉండే వేళ కాదు. నాటకం చూసి వెళ్ళే జనం, ఇప్పుడే విన్న వరసని సరిగా వచ్చిందో లేదో గొంతులో చూసుకుంటూ నడిచే వేళ. మట్టు రంగస్థలం మీద పుట్టి ఉండొచ్చు, ఊరు దాటడం మాత్రం ఈ వేళలో, ఈ కాళ్ళ మీదే మొదలైందని నేను అనుకుంటాను.

అయితే ఆ జీతాల డబ్బు ఎక్కడిది? జమీ ఆదాయం. జమీ ఆదాయం అంటే రైతు కట్టిన శిస్తు. మైలవరం చుట్టుపక్కల నేల మెట్ట. 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కింది డెల్టాకి కాలువలు పారాయి, వరి పండింది, డబ్బు వచ్చింది. ఆనకట్టకి నలభై కిలోమీటర్లకు అటూఇటూ దూరంలో, ఎగువన, కొండల మధ్య ఉన్న మాకు ఆ నీళ్ళు ఎక్కలేదు. వానా, చెరువూ, బావీ. ఆ నేల మీద శిస్తు కట్టినవాడి ఇంట్లోంచే తెలుగు నాటకానికి ఇంత సంగీతం వచ్చింది. రాజావారి రసికతని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. డబ్బున్న జమీందారులందరూ నాటక కంపెనీలు పెట్టలేదు, నటుడికి జీతం ఇవ్వాలన్న ఆలోచన అందరికీ రాలేదు. కానీ పోషకుల జాబితాలో ఒక్క పేరే ఉంటుంది. మిగతా పేర్లు శిస్తు పట్టీల్లో ఉంటాయి.

ఆ రైతులు కూడా నడిచారు. 1937-38లో ఆంధ్ర రైతులు జమీందారీ రద్దు కావాలని ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన యాత్ర చేశారు. అదే కాలంలో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ ప్రాంతాల విచారణ సంఘం కూర్చుంది. పదేళ్ళ తర్వాత, 1948లో, మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీలు పోయాయి. పోవాల్సినవే. నాటక సమాజం మాత్రం అప్పటికే చాలా ముందుగా ఆగిపోయింది. దాన్ని ఆపింది చట్టం కాదు. ఒకే మనిషి ఖర్చు మీద నడిచే కళకి ఆ మనిషి ఓపికే ఆయుష్షు.

ఇక నా నడకలో రెండో రోడ్డు నూజివీడు వైపు. ఏప్రిల్, మే నెలల్లో ఈ రోడ్డు మీద తెల్లవారుజామునే సందడి. చుట్టుపక్కల తోటల్లో, రెడ్డిగూడెం వైపు, ఎండ ముదరకముందే కాయ దింపాలి. పొడుగాటి గెడ, చివర చిక్కం. కాయని లాగకూడదు, తొడిమతో సహా కోయాలి, లేకపోతే సొన కారి కాయ మీద నల్లటి మచ్చ పడుతుంది, ధర పడిపోతుంది. సొన చేతి మీద పడితే చర్మం కాలుతుంది. ఆ రోడ్డులో ఒక ట్రాక్టరు దగ్గర ట్రేలు సర్దుతున్న ఒకావిడ తన ముంజేయి చూపించింది, చిన్న చిన్న మచ్చలు. "ఇవి పోవమ్మా, సీజనైపోయినా ఉంటాయి" అంది. ఏ రకం కాయలని అడిగితే "బంగినపల్లి. అటేపు ట్రే కలెక్టరు, జ్యూసు ఫ్యాక్టరీకి" అంది. కలెక్టరు అంటే తోతాపురి.

మామిడి మాకు వచ్చింది కూడా కాలువ లేనందువల్లే. వరికి నీళ్ళు లేని ఎర్రనేలలో మామిడి బతికింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఇటువైపు చేరినా మేము దాని చివరి ఆయకట్టు, చివరికి నీళ్ళు ఎప్పుడు చేరతాయో చెప్పలేం. పూత మీదే వ్యాపారి తోట కొనేస్తాడు. ఆ తర్వాత కాయ నిలిచినా రాలినా లాభనష్టాలు వాళ్ళ మధ్య ఒప్పందాన్ని బట్టి. కోసిన కాయ నున్న మార్కెట్‌కో, అటునుంచి ఉత్తరాదికో పోతుంది. ఏ పేరుతో పోతుంది? రసమైతే నూజివీడు రసం. బంగినపల్లి అయితే నంద్యాల వైపు ఉన్న బనగానపల్లె పేరు, దానికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఢిల్లీ మండీలో అది విజయవాడ సరుకు. మైలవరం అన్న ముక్క ఆ ట్రే మీద ఎక్కడా ఉండదు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి వెళ్ళింది, మైలవరం ఎన్టీఆర్ జిల్లాలో ఉండిపోయింది. ఒకే నేల, ఒకే కాయ, ఇప్పుడు రెండు కలెక్టరేట్లు.

ఆవిడని, ఈ కాయ తింటే ఇది మన ఊరిదే అని చెప్పగలవా అని అడిగాను. నవ్వింది. "కాయకి ఊరేంటమ్మా? తోటకుంటది. ఏ తోట కాయో చెప్తా." నా ప్రశ్న ఎంత పట్నం ప్రశ్నో ఆ జవాబుతో తెలిసింది. పేరు అన్నది అమ్మేవాడికి, రాసేవాడికి కావాలి. కోసేవాళ్ళకి చెట్టు తెలుసు. కానీ ఆ తోటలే కొన్ని ఇప్పుడు లేవు. నల్ల తామర పురుగు, ధరలు లేకపోవడం, ప్లాట్లు. నడుస్తుంటే ఒకచోట ముసలి చెట్ల వరస, పక్కనే సరిహద్దు రాళ్ళు పాతిన ఖాళీ నేల కనిపిస్తాయి. ఏ తోట కాయో చెప్పగల నాలుక ఆ తోటతో పాటే పోతుంది.

మూడో దారి రోడ్డు కాదు, నీళ్ళది. మైలవరం చుట్టూ కొండల్లో పుట్టే వాగులు కలిసి బుడమేరు అవుతుంది. అది జి.కొండూరు మీదుగా వెలగలేరు రెగ్యులేటర్ దాకా పోయి, అక్కడి నుంచి కొంత నీరు మళ్ళింపు కాలువలో కృష్ణకి, మిగతాది విజయవాడ పక్కనుంచి కొల్లేరుకి. ఎండాకాలం ఈ వాగులో నడవొచ్చు. ఇసుక, గుండ్రాళ్ళు, ముళ్ళ తుమ్మ, అక్కడక్కడా గేదెలు పడుకునే మడుగులు. ఇది ఒక నగరాన్ని ముంచిందంటే ఎండాకాలం చూసినవాళ్ళు నమ్మరు. 2024 సెప్టెంబర్ 1న ముంచింది. కొండల్లో కుండపోత వాన, మళ్ళింపు కాలువకి గండ్లు. కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. సింగ్ నగర్, పాయకాపురం వంటి చోట్ల లక్షలమంది ఇళ్ళలో నీళ్ళు, రోజుల తరబడి. 2005లోనూ బుడమేరు విజయవాడని ముంచింది.

దాని పేరు విజయవాడ వరద. అలా అనడం సహజమే, మునిగింది వాళ్ళు. కానీ పేరు కింది చివర పెట్టడం వల్ల మన చూపు కూడా కిందే ఆగిపోతుంది. గండి, గేట్లు, ఆక్రమణలు. అవన్నీ నిజమే. దానితో పాటు పైన కొండల మీద అడవి ఎంత మిగిలింది, గ్రావెల్ కోసం ఎన్ని గుట్టలు తవ్వారు, చెరువుల్లో ఎన్నిటికి ఇంకా తూము పనిచేస్తోంది, వాగుని ఆనుకుని ఎక్కడిదాకా దున్నారు అని అడగాలి. ఇవి ఎగువ ఊరి ప్రశ్నలు. వాగు వెంట నడిచే మనిషికి ఇవి సిద్ధాంతాలు కావు, ఒక్క గంటలో కళ్ళకి కనపడే విషయాలు. మామిడికాయ పేరు లేకుండా కిందికి పోతే మాకు గొప్ప పోతుంది, అంతే. నీళ్ళు పేరు లేకుండా కిందికి పోతే, ఎక్కడి నుంచి వస్తున్నాయో కిందివాళ్ళకి గుర్తుండదు. అది ప్రాణాల మీదికి వస్తుంది.

ఊరి పేరు ఎందుకు ముఖ్యమో నాకు ఇక్కడ అర్థమైంది. అది అభిమానం విషయం కాదు. పేరు అంటే జాడ. వస్తువు మీద ఊరి పేరు ఉంటే దాన్ని పట్టుకుని వెనక్కి నడవొచ్చు. మైలవరం మట్టు అన్న రెండు మాటలే లేకపోతే, నేను పాపట్ల కాంతయ్య దాకా, బాలభారతి దాకా, ఆ శిస్తుల దాకా వెళ్ళేదాన్నే కాదు.

మరి ఆ మట్టు ఏమైంది? ఒక్క దెబ్బకి పోలేదు. 1932లో తెలుగు టాకీ వచ్చింది. రంగస్థలం నటులు ఒక్కొక్కరే అటు వెళ్ళారు. యడవల్లి సూర్యనారాయణ 1936లో వచ్చిన ద్రౌపదీ వస్త్రాపహరణంలో దుర్యోధనుడు. టాకీల్లో మొదట అవే పద్యాలు, అవే బాణీలు. తర్వాత పాట మూడు నిమిషాలకి కుదించుకుంది, రాత్రంతా సాగే నాటకం రెండు మూడు గంటలకి కుదించుకుంది. ఇంకో దెబ్బ గురించి తక్కువ మాట్లాడుకుంటాం. మైలవరం వరసలకి ఆధారం హార్మోనియం. ఆలిండియా రేడియో 1940లో సంగీత కార్యక్రమాల నుంచి హార్మోనియాన్ని బహిష్కరించింది, మన గమకాలు దాని మీద పలకవని. 1971 దాకా ఆ నిషేధం సాగింది. 1948 డిసెంబర్ 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలైంది, మా ఊరికి అంత దగ్గరలో. కానీ అప్పటికి ఆ పెట్టెకి స్టూడియో సంగీతంలో చోటు లేదు. శాస్త్రీయమైనది శాస్త్రీయంగా, జానపదం జానపదంగా రేడియోకి ఎక్కాయి. ఈ రెండిటి మధ్య, రాజు డబ్బుతో పుట్టి రైతు గొంతులో బతికిన సంకర వరసకి ఏ గడీ సరిపోలేదు.

ఊళ్ళో అడిగాను, చాలామందిని. టీ కొట్టు దగ్గర పొద్దున్నే చేరేవాళ్ళలో ఎనభై దాటిన ఒకాయన ఉన్నాడు. కంపెనీ కాలానికి ఆయన ఇంకా పుట్టలేదు. "మా నాన్న పాడేవాడమ్మాయ్, అరక కట్టి," అన్నాడు. పాడమంటే మొహమాటపడి, గ్లాసు కింద పెట్టి, మాటలు లేకుండా వరస మాత్రం అన్నాడు, నాలుగైదు ఊపిర్లు. చివర ఒక్కసారిగా పైకి లేచి, అక్కడ నిలబడి, మెట్లు దిగినట్టు దిగింది. మాటలేమిటి అంటే గుర్తులేవు. ఏ నాటకం అంటే తెలీదు. ఇది మైలవరం మట్టేనా అని అడిగితే, "మట్టో గిట్టో. మా నాన్నది" అన్నాడు.

అది కాంతయ్య కట్టిందో, తర్వాత ఏ సినిమాదో, వాళ్ళ నాన్నే సొంతంగా మార్చుకున్నదో తేల్చే దారి నాకు లేదు. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని అడిగి, రెండోసారి అనిపించి, తేదీ, పక్కన మైలవరం అని రాసి పెట్టుకున్నాను. అదే పేరుతో ఒక ఫోల్డరు చేశాను. అందులో ఇప్పుడు ఆ వరస ఉంది, తోటల పేర్లు కొన్ని ఉన్నాయి, రాళ్ళు పాతిన చోట్ల ఫోటోలు ఉన్నాయి, వాగులో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఒడ్డున ఉన్నవాళ్ళు చూపించిన గుర్తులు ఉన్నాయి. కైఫీయతు అనేంత పెద్ద మాట దానికి వాడను.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో చాలామందికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక గది, ఎక్కడో ఒక మైలవరం ఉంటాయి. అక్కడికి ఈసారి వెళ్ళినప్పుడు, నిద్ర చాలకపోయినా సరే, ఒక్కరోజు ఐదింటికి లేచి మీ ఊరి నుంచి బయటికి పోయే ఏదో ఒకదాని వెంట నడవండి. కాయలు కావొచ్చు, ఇసుక కావొచ్చు, పాలు కావొచ్చు, కూలికి పోయే ఆటో కావొచ్చు. అది ఏ పేరుతో బయటికి పోతోందో చూడండి. ఎవరమ్మాయివి, ఎవరబ్బాయివి అని తప్పకుండా అడుగుతారు. విసుక్కోకుండా జవాబు చెప్పి, మీరు కూడా ఒకటి అడగండి.